పెద్దమ్మ వేసిన జడలు

తెల్లారి ఆరింటికి విజయనగరం స్టేషన్లో దిగి ఆటో ఎక్కాను. ఇంటి ముందు పచ్చి తాటాకుల పందిరి వేసి ఉంది. గుమ్మం దాటానో లేదో పెరట్లోంచి ఒక వాసన వచ్చి ముక్కుకి తగిలింది. వేడినీళ్ళలో నానిన కుంకుడుకాయ వాసన. బ్యాగు చేతిలోనే పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఈ ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే పెద్దమ్మ పెరట్లో ఉన్నట్టే లెక్క. పెద్దమ్మ పోయి ఏడాదిన్నర అయింది.

మర్నాడు రాత్రి పెళ్ళి. పెళ్ళికూతురు పెద్దమ్మకి మనవరాలు, నాకు మేనకోడలు. పెరట్లో పీట వేసుకుని తనే కుంకుళ్ళు పిసుక్కుంటోంది.

"ఇంతమందిమి ఉన్నాం, నువ్వెందుకమ్మా పిసకడం?" అన్నాను.

"మామ్మ చెప్పేది కదత్తా, ముందురోజే తలంటీసుకోవాలని. పెళ్ళిరోజు తలంటుకుంటే జుట్టు జారిపోతాది, జడ నిలబడదని."

నిజమే, అలాగే చెప్పేది. కొత్తగా తలంటిన జుట్టు పట్టులా జారుతుంది, పిన్ను పెడితే నిలవదు, పువ్వు గుచ్చితే ఊడి వస్తుంది. ఒక రాత్రి గడిచి కుదుళ్ళలో కాస్త జిడ్డు ఊరాకే జుట్టు మాట వింటుంది. పెళ్ళిరోజు మంగళస్నానానికి నడినెత్తిన నాలుగు చుక్కల నూనె అద్ది ఒంటికి నీళ్ళు పోస్తే చాలు అనేది పెద్దమ్మ. పెద్దవాళ్ళెవరైనా ఆ మాటకి అభ్యంతరం చెబితే, "జడ మీరేస్తారేటి?" అని అడిగేది. ఇంక ఎవరూ మాట్లాడేవారు కాదు.

పిల్ల చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. జడ వేయడానికి ఒప్పుకున్న పార్లరు ఆవిడ రాత్రి ఫోను చేసి, అదే ముహూర్తానికి ఇంకో పెళ్ళి ఉంది, రాలేను అని చెప్పేసిందట. "అమ్మ రెడీమేడ్ జడ కొని తగిలించీమంటోంది. నాకొద్దత్తా. నువ్వు వేస్తావా?"

పూలజడ కుట్టి ఇరవై ఏళ్ళు దాటింది. వేస్తానని చెప్పేశాను. అప్పుడు మొదలైన టెన్షన్ మర్నాడు సాయంత్రం దాకా వదల్లేదు.

పెద్దమ్మ మా అమ్మకి సొంత అప్ప. వాళ్ళ ఇల్లు అయ్యకోనేరు గట్టుకి దగ్గర, మాది అక్కడికి రెండు సందుల అవతల. మా వీధుల్లో ఆడపిల్లకి ఏ శుభకార్యం ఉన్నా ముందురోజు పెద్దమ్మకి కబురు వచ్చేది. ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు. తాంబూలం, రవికెల గుడ్డ, ఒక్కోసారి అరిసెలు. కావిడిపెట్టెలో ఆ రవికెల గుడ్డలు దొంతరగా ఉండేవి. పెద్దమ్మ కుట్టించుకున్నవి తక్కువ, మాకు పంచిపెట్టినవే ఎక్కువ.

మా తలంట్లు ఆవిడ పెరట్లోనే. రుబ్బురోలు పక్కన కుంకుళ్ళు రాతిమీద కొట్టి, గింజలు తీసేసే పని పిల్లలది. నురగంతా తొక్కలోనే ఉంటుంది. నున్నటి నల్ల గింజలు మాకు ఆటకి పనికొచ్చేవి. నానిన తొక్కల్లో మందారాకులు వేసి పిసికితే రసం జిగురుగా వచ్చేది. ముందు ఆముదం, కొబ్బరినూనె కలిపి గోరువెచ్చగా మాడుకి పట్టించి, గంటసేపు ఎండలో తిరగమనేది. తర్వాత కాగులో నీళ్ళు, పెద్దమ్మ గట్టి వేళ్ళు, కళ్ళ మంట. ఏడుస్తామని ముందే మా నోట్లో ఉప్పుగల్లు పెట్టేది. ఉప్పు చప్పరిస్తుంటే మంట తెలియదని ఆవిడ నమ్మకం. ఉప్పు మీద ధ్యాసతో నిజంగానే సగం ఏడుపు మర్చిపోయేవాళ్ళం.

ఆ తర్వాత సాంబ్రాణి. కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి పొడి జల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, ఆ బుట్ట మీద తడిజుట్టు విసనకర్రలా పరిచేది. చాప మీద వెల్లకిలా పడుకుని పైన జామచెట్టు కొమ్మలు చూస్తూ ఉంటే, కుదుళ్ళలోకి వెచ్చగా పొగ పాకేది. అంత సుఖమైన నిద్ర మళ్ళీ ఏ ఏసీ గదిలోనూ నాకు పట్టలేదు.

పెద్దమ్మ జడ వేసేటప్పుడు పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకునేది. నాలుగైదు పిన్నులు ఒక పక్క, నల్లదారం కొస ఇంకో పక్క. అందుకని మనం ఏం చెప్పినా జవాబు "ఊఁ" అనే. ఆ ఊఁలు రకరకాలు. అవునన్న ఊఁ వేరు, ఆగమన్న ఊఁ వేరు, అబద్ధం చెబుతున్నావు నాకు తెలుసులే అన్న ఊఁ వేరు. పిన్నులన్నీ తలలోకి వెళ్ళిపోయి నోరు ఖాళీ అయ్యాక పెద్దమ్మ మాట్లాడేది.

పెద్దయ్యాక నాకు తట్టిన సంగతి ఒకటుంది. చిన్నతనంలో నాకు ఎవరైనా చెప్పిన ముఖ్యమైన మాటలన్నీ నేను వెనకనుంచే విన్నాను. జడ వేసేవాళ్ళకి మన మొహం కనబడదు, మనకి వాళ్ళ మొహం కనబడదు. చేతులు మాత్రం జుట్టులో ఉంటాయి. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనివి, వినలేనివి అలా కూర్చుంటే చెప్పుకోవచ్చు. నెలసరి గురించి నాకు మొదట చెప్పింది పెద్దమ్మ, అలాగే, చిక్కు తీస్తూ. చిక్కు ఎప్పుడూ కొసల నుంచి పైకి తీసేది. పై జుట్టు పిడికిట్లో గట్టిగా పట్టుకునేది, లాగిన నొప్పి మాడు దాకా రాకుండా. కష్టమైన మాటలు కూడా అలాగే చెప్పేదని ఇప్పుడనిపిస్తుంది.

సిరిమాను పండగకి మాత్రం పువ్వులు పెట్టేది కాదు. విజయదశమి వెళ్ళిన తర్వాతి మంగళవారం ఊరు ఊరంతా మూడు లాంతర్ల జంక్షన్ దగ్గరే ఉంటుంది. పొడుగాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే, పైడితల్లి అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ జనంలో పొడుగు జడ ఎవరి గాజుకో చిక్కుకుంటుందని మాకు రెండేసి జడలు వేసి, మడిచి రిబ్బన్లతో చెవుల పక్కన గట్టిగా కట్టేసేది. మొహం చర్మం వెనక్కి లాగి కళ్ళు చికిలించినట్టు అయిపోయేవి.

అలా ఒక తొలేళ్ళనాడు, అంటే సిరిమానుకి ముందురోజు, నా రెండో జడ సగంలో ఉండగా, పెద్దమ్మ పిన్నులు తీసి అరుగు మీద పెట్టింది.

"మీ నాన్న పనిచేసే మిల్లు మూసీసారే. మళ్ళీ ఎప్పుడు తీస్తారో తెలీదు. దీపావళికి కొత్త పరికిణీ కావాలని అడక్కు, ఏం?"

నేను మాట్లాడలేదు. అరుగు కింద చీమలు బియ్యపుగింజని మోసుకుపోతున్నాయి, వాటినే చూశాను. పెద్దమ్మ ఇంక ఏమీ అనలేదు. జడ పూర్తిచేసి, రిబ్బను పువ్వులా ముడివేసి, నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలా ఉంచింది. ఆ దీపావళికి నాకు పరికిణీ వచ్చింది. పెద్దమ్మ కావిడిపెట్టెలోని మూడు రవికెల గుడ్డలు కలిపి కుట్టినది.

ఎండాకాలం వస్తే పూలజడల కాలం. గంటస్తంభం దగ్గర పూలకొట్లలో మల్లెమొగ్గలు గ్లాసు లెక్కన కొలిచేవారు. మొగ్గ మధ్యాహ్నానికి ఇంటికి చేరాలి, సాయంత్రం విచ్చేలోగా కుట్టు అయిపోవాలి. విచ్చిన పువ్వుని సూది గుచ్చితే రేకులు రాలిపోతాయి. అందుకే పెద్దమ్మ మొగ్గల్ని తడిగుడ్డలో చుట్టి, కుండ పక్కన నీడలో ఉంచేది. రాత్రి ముహూర్తమైతే సరిగ్గా మూడింటికి నడవలో చాప పడేది.

జడకి ఆధారం అరటి దొప్ప. దాన్ని పైన నాలుగువేళ్ళ వెడల్పు, కింద రెండువేళ్ళ వెడల్పు ఉండేలా కోసి, ఎండకి కాస్త వాడనిచ్చేది. పచ్చిగా ఉంటే విరిగిపోతుంది, మరీ వాడితే ముడుచుకుంటుంది. అట్టముక్క వాడేవాళ్ళూ ఉన్నారు. అట్ట చెమటకి మెత్తబడుతుంది, దొప్ప చల్లగా వీపుకి హాయిగా ఉంటుంది అనేది. దాని మీద మొగ్గల వరసలు. తొడిమలు లోపలికి, తలలు బయటికి, ఒక వరస తొడిమల్ని తర్వాతి వరస తలలు కప్పేలా. నడుమ కనకాంబరాలు ముగ్గులా, అంచుకి మరువం. కనకాంబరానికి వాసన లేదు, మరువానికి పువ్వు అందం లేదు, మల్లెకి రంగు లేదు. మూడూ కలిస్తేనే జడ.

కొలత తీసే పద్ధతి కూడా పెద్దమ్మదే. పిల్లని నిలబెట్టి కాదు, పీట మీద కూర్చోబెట్టి కొలిచేది. మా అప్ప మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకునేది. 1919లో పెట్టిన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. ఆ మెట్లు ఎక్కుతుంటే కాళ్ళు వణికేవని అప్ప ఇప్పటికీ చెబుతుంది. ఒక కచేరీకి ఎవరో నిలబెట్టి కొలిచి జడ కుట్టారట. కూర్చునేసరికి జడ కొస తన కిందే పడింది. వీణ మీదికి వంగబోతే తల వెనక్కి లాగేసింది. వర్ణం అయ్యేదాకా పళ్ళ బిగువున వాయించింది. ఆ తర్వాత అప్ప తల పెద్దమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

నా తొమ్మిదో ఏట ఎండాకాలంలో నాకూ కుట్టారు. పెళ్ళీ పేరంటం ఏమీ లేదు, మొగ్గలు దొరికాయి, పిల్లకి జుట్టు ఉంది, అంతే. అప్పట్లో ఆడపిల్లకి పూలజడ వేస్తే స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించకుండా ఉండేవారు కాదు. వెనక నిలువుటద్దం పెట్టి, మొహమూ జడా రెండూ ఒకే ఫొటోలో పడేలా పిల్లని ఏటవాలుగా నిలబెట్టేవారు. రిక్షాలో వెళ్తూ దారంతా వెనక్కి ఆనుకోకుండా కూర్చున్నాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. చూసిన ప్రతిసారీ అద్దం అంచున ఒక చెయ్యి కనిపిస్తుంది. జడకుచ్చులు సర్దుతూ పక్కకి తప్పుకోబోతున్న పెద్దమ్మ చెయ్యి. ఆ వయసులో ఆవిడది ఇంకో ఫొటో లేదు.

వానాకాలం పెళ్ళిళ్ళకి మొగలి. పెదనాన్నది ఉద్దానం, సోంపేట వైపు. అక్కడ తోటల గట్లకీ, సముద్రం ఒడ్డు ఇసకలోనూ మొగలి పొదలు. శ్రావణమాసంలో పెదనాన్న ఊరు వెళ్ళి వస్తే పాసింజరు దిగేటప్పటికే ఆయన సంచీ వాసన ప్లాట్‌ఫారం మీద తెలిసిపోయేది. ఆకుల అంచులు రంపంలా ఉంటాయి, ఆయన ముంజేతుల నిండా గీతలు. పొదల్లో పాములుంటాయని పెద్దమ్మ రుసరుసలాడేది. ఆడుతూనే లేత పసుపు రేకుల్ని ఒక్కొక్కటి విడదీసి, ముళ్ళు చీరేసి, మడతలు పెట్టేది. ఆ మడతల్ని ఒకదానిలో ఒకటి దూర్చి కుడితే చాప అల్లినట్టు వచ్చేది. శివుడి పూజకి పనికిరాని పువ్వు అంటారు కదా మొగలిని. "ఆయనొద్దంటే మనకి పుష్కలంగా మిగిలింది," అనేది పెద్దమ్మ. మొగలి జడ వాడిపోయాక కూడా ఆ రేకుల్ని చీరల పెట్టెలో వేసుకునేవాళ్ళం. నా పట్టుచీరల మడతల్లో ఇంకా ఎక్కడో ఆ వాసన ఉందని నాకు గట్టి నమ్మకం.

సవరాల సంగతి చెప్పాలి. దువ్విన వెంట్రుకలు పారేసేవాళ్ళం కాదు. వేలికి చుట్టి ఉండ చేసి గోడ సందులో దోపేవాళ్ళం. ఏడాదికోసారి సవరాలు కట్టే ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చునేది. బొటనవేలికి దారం తగిలించి, మా వెంట్రుకల్నే చిక్కుతీసి పాయలు కట్టి ఇచ్చేది. జ్వరం వచ్చి జుట్టు పలచబడ్డ పిల్లకి ఆ సవరమే పెళ్ళిలో పరువు నిలబెట్టేది. వంకీలు తిరిగిన సవరాలు మూడు పెద్దమ్మ దగ్గర ఉండేవి. రాగిడి, చంద్రవంక, నాగరం, జడకుచ్చులు, ఈ జడ నగలు మాత్రం ఒకటే సెట్టు, వెండి మీద బంగారుపూత. మా వీధి పెళ్ళికూతుళ్ళందరి ఫొటోల్లోనూ అదే నాగరం.

పెదనాన్న పోయాక పెద్దమ్మ తలలో పువ్వు పెట్టుకోవడం మానేసింది. జడలు వేయడం మానలేదు. కానీ మానిపించారు. ఆ తర్వాత జరిగిన మొదటి పెళ్ళిలో, పెద్దమ్మ సూది పట్టుకుని పెళ్ళికూతురి వెనక కూర్చోబోతుంటే, చుట్టాల్లో ఒకావిడ అమ్మ చెవిలో ఏదో అంది. పెద్దమ్మ వినిందో లేదో తెలీదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పెసరపప్పు చెరగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి పూలజడ వెనక గదిలో కుట్టి పంపేది. ముందుగదిలో ఇంకెవరో ముత్తయిదువ కట్టేది. పాపిడి వంకర వచ్చినా, జడ పక్కకి జారినా పెద్దమ్మ వెళ్ళి సర్దేది కాదు. తలుపు సందులోంచి చూసి ఊరుకునేది. ఆ చూపు నేను చూశాను. అది తప్పని అప్పుడూ తెలుసు నాకు. నోరెత్తి అనలేకపోయాను.

నా పెళ్ళి నాటికి అమ్మ ఏం అనుకుందో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి నన్ను మధ్యగదిలోకి తీసుకెళ్ళి, వెనక గదిలోంచి పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "అప్పా, దీనికి నువ్వే వెయ్యాలి," అని తలుపు గడియ పెట్టి, ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. బయట నుంచి ఎవరు తలుపు కొట్టినా, "జడ వేస్తన్నాను, వచ్చీస్తాం," అని తనే చెప్పింది. మా అమ్మ అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

పెద్దమ్మ చేతులు మొదట వణికాయి. పాపిడి తీసేటప్పుడు దువ్వెన కొస రెండుసార్లు తప్పింది. మూడోసారి ముక్కు సూటిగా వచ్చింది. మూడు పాయలు తీసి, సవరం తగిలించి అల్లి, దొప్పని జడ మీద పెట్టి, బెత్తెడుకొక చోట నల్లదారంతో కుట్టింది. బరువు కుదుళ్ళ మీద పడకుండా మెడ దగ్గర జుట్టు చుట్టూ నాడా కట్టి, దానికి పై కొస వేలాడదీసింది. గదిలో మల్లెల వాసనా, ఉక్కా. ఎవరూ మాట్లాడలేదు. చివర జడకుచ్చులు కట్టాక పెద్దమ్మ నోట్లోని దారం ముక్క తీసేసింది.

"అక్కడ బాగుంటే సరే. బాగోలేదనుకో, వచ్చీ. ఈ ఇల్లుంది. ఎవరేటనుకుంటారోనని ఆలోచించకు. నేనున్నాను."

నేను వెనక్కి తిరగబోయాను. "తల తిప్పకు, జారిపోతాది," అంది.

నాకు ఎప్పుడూ అలా వచ్చేయాల్సిన అవసరం రాలేదు. కానీ కొత్త కాపురంలో, తెలియని ఊళ్ళో, రాత్రిళ్ళు నిద్రపట్టనప్పుడు ఆ మాట తలుచుకుని పడుకునేదాన్ని.

మొన్న మధ్యాహ్నం మూడింటికి నడవలో చాప వేశాను. గంటస్తంభం దగ్గర నుంచి మొగ్గలు తెప్పించాను. ఇప్పుడు కవర్లో, తూకం వేసి ఇస్తున్నారు. అరటి దొప్ప అన్నయ్య పక్కవాళ్ళ పెరట్లోంచి కోసి తెచ్చాడు. మొదటి రెండు వరసలు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. మూడో వరస నుంచి వేళ్ళకి దారి తెలిసింది. పొడుగు పిల్లని పీట మీద కూర్చోబెట్టి కొలిచాను. అచ్చం వాళ్ళ మామ్మ జుట్టు, కొసల దగ్గర రాగిరంగుతో సహా. అప్ప పక్కన కూర్చుని కనకాంబరాలు అందిస్తూ, వంకర వస్తోందని రెండుసార్లు చెప్పింది. నిజంగానే వస్తోంది, సరిచేశాను.

ఆరున్నరకి పాత సెట్టు తీశారు. నాగరం మీద పూత అక్కడక్కడ పోయి వెండి కనిపిస్తోంది. వదిన కొత్తది తెస్తానంది, పిల్ల వద్దంది. గదిలో నేనూ తనే మిగిలాం. పాపిడి తీసి, పాయలు విడదీసి, దొప్ప పై కొస మెడ దగ్గర ఆనించాను. రెండు చేతులూ జుట్టులోనే ఉన్నాయి. పిన్నులు పెట్టుకోవడానికి చోటు లేక పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఇనప రుచి.

"అత్తా," అంది పిల్ల, తల వంచుకునే. "నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు."

"ఊఁ," అన్నాను.

తను చెప్పడం మొదలుపెట్టింది. నేను రెండో పిన్ను తీసుకుని కుడుతూ విన్నాను.